పాత మిషన్లు, మన డోలు: ఇంట్లో పాట చేసుకునేవాళ్ళకు ఒక మాట



ఈసారి స్కాలర్‌షిప్పుల గురించి రాయట్లేదు, పోడు పట్టాల గురించి రాయట్లేదు. పాట గురించి రాస్తున్నాం. ఇంట్లో కూర్చుని పాత సింథసైజర్లతో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసే పని గురించి. "అది డబ్బున్నోళ్ళ సరదా కదా, మనకెందుకు?" అని చాలామందికి అనిపిస్తది. మాకూ ఆ మాట చాలాసార్లు ఎదురైంది. కాదని చెప్పడానికే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు మేమెవరమో చెప్తాం. ఒక్క హాస్టల్ రూంలో కోయ, గోండు, లంబాడా పిల్లలం కలిసి ఉంటున్నాం. అందరికీ ఇరవై అటూ ఇటూ. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటిన మొదటి తరం మేమే. రూంలో ఒక సెకండ్ హ్యాండ్ కీబోర్డు ఉంది, వయసు మీద పడి రెండు మీటలు పలకవు. ఒక లాప్‌టాప్ ఉంది, నలుగురం వాడతాం. ఇవి తప్ప మా దగ్గర వేరే సామాను లేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మన ఊళ్ళల్లోకి డీజే వచ్చేసింది, ఇక వెనక్కి పోదు. ఆ డీజేలో మోగే శబ్దాన్ని ఎవరు తయారు చేస్తున్నారన్నదే ఇప్పుడు ప్రశ్న. ఆ పని మన పిల్లలు నేర్చుకోవాలి. మన డోలును, తుడుంను, పెప్రెను మిషన్‌లోకి మనమే ఎక్కించాలి. పెద్దలను అడిగి ఎక్కించాలి, వాయించినోళ్ళ పేరు పెట్టి ఎక్కించాలి. పాత సింథసైజర్ల కథ తెలిస్తే ఇది ఎందుకు సాధ్యమో, ఎందుకు తొందరపడాలో రెండూ అర్థమవుతాయి.

మొదట జమైకా పోదాం. 1981లో జపాన్‌లో కాసియో కంపెనీ ఎంటీ-40 అని ఒక చిన్న కీబోర్డు తెచ్చింది. ఇంట్లో పిల్లలు, పెద్దలు సరదాగా వాయించుకోవడానికి చేసిన వస్తువు అది. అందులో మీట నొక్కితే తనంతట తాను మోగే రెడీమేడ్ తాళాలు ఉంటాయి. వాటినే ప్రీసెట్లు అంటారు. వాటిలో 'రాక్' అనే ఒక తాళాన్ని తయారు చేసింది ఒకుడా హిరోకో అనే అమ్మాయి. అప్పుడే సంగీతం చదువు ముగించి ఆ కంపెనీలో కొత్తగా చేరింది. కొన్నేళ్ళకు ఆ చిన్న కీబోర్డు జమైకాలో కింగ్‌స్టన్ నగరంలో నోయెల్ డేవీ అనే కుర్రాడి చేతికొచ్చింది. అతను, పాటగాడు వేన్ స్మిత్ కలిసి ఆ 'రాక్' తాళాన్ని పట్టుకున్నారు. కింగ్ జామీ అనే నిర్మాత దాని వేగం తగ్గించి పాట చేశాడు. 1985లో వచ్చిన ఆ 'అండర్ మి స్లెంగ్ టెంగ్' పాటతో జమైకా సంగీతం దారే మారిపోయింది. అప్పటిదాకా స్టూడియోలో బ్యాండు మొత్తం కూర్చుని వాయించేది. ఆ తర్వాత ఒక్కరిద్దరు కీబోర్డుతో పాట చేయడం మొదలైంది. ఆ ఒక్క తాళం మీదే వందల పాటలు వచ్చాయి. స్టూడియోకి కట్టడానికి డబ్బుల్లేని పిల్లలకు ఆ బొమ్మలాంటి కీబోర్డు తలుపు తీసింది.

ఇప్పుడు అమెరికా. రోలాండ్ అనేది కూడా జపాన్ కంపెనీయే. వాళ్ళు 1980లో టీఆర్-808 అనే డ్రమ్ మిషన్ తెచ్చారు, ఆ తర్వాత టీబీ-303 అనే బేస్ మిషన్ తెచ్చారు. అదే 1980లో లిన్ ఎల్ఎం-1 అనే ఇంకో డ్రమ్ మిషన్ వచ్చింది. అందులో నిజం డ్రమ్ముల రికార్డింగులు ఉండేవి, ధర దాదాపు 5,000 డాలర్లు. 808 ధర సుమారు 1,200 డాలర్లు. అయితే 808లో నిజం డ్రమ్ముల శబ్దం ఒక్కటి కూడా ఉండదు, అన్నీ కరెంటు సర్క్యూట్లతో పుట్టించినవే. అందుకే చాలామంది దాన్ని ఎగతాళి చేశారు. 1983లో తయారీ ఆపేశారు. మొత్తం చేసినవి దాదాపు 12,000 మిషన్లు. 303 పరిస్థితి ఇంకా ఘోరం. తోడుగా బేస్ వాయించేవాళ్ళు లేని గిటారిస్టులు ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకోవడానికి దాన్ని చేశారు. కానీ అది బేస్ గిటార్‌లా వినపడదు, ప్రోగ్రాం చేయడం కూడా కష్టం. 1984కల్లా దాన్నీ ఆపేశారు.

అమ్ముడుపోని వస్తువు ఏమైతది? సెకండ్ హ్యాండ్ షాపులకు చేరుతది. అక్కడ చౌకగా దొరికితే నల్లజాతి యువకులు కొనుక్కున్నారు. షికాగోలో ముగ్గురు కుర్రాళ్ళు, డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జె, 'ఫ్యూచర్' అని గ్రూపు పెట్టుకున్నారు. చేతికొచ్చిన 303ని ముందేసుకుని, అది మోగుతుండగానే దాని మీదున్న గుండీలు తిప్పుతూ కూర్చున్నారు. కటాఫ్, రెజొనెన్స్ అనే ఆ గుండీలను అట్లా తిప్పితే శబ్దం ఒకసారి ఏడ్చినట్టు, ఒకసారి అరిచినట్టు, ఒకసారి నీళ్ళల్లో మునిగినట్టు వస్తది. మాన్యువల్‌లో రాసిన వాడకం అది కాదు. ఆ టేపును రాన్ హార్డీ అనే డీజే తన క్లబ్బులో ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడని చెప్తారు. మొదటిసారి జనం డాన్సు ఆపి పక్కకు పోయారట, నాలుగోసారికి పూనకం వచ్చినట్టు ఎగిరారట. 1987లో అదే 'యాసిడ్ ట్రాక్స్' పేరుతో రికార్డుగా వచ్చింది. దాని నుంచి యాసిడ్ హౌస్ అనే సంగీతమే పుట్టి యూరప్ దాకా పాకింది. ఇప్పుడు ఒరిజినల్ 808 కొనాలంటే లక్షల్లో మాట. ఒకప్పుడు వద్దని పడేసినవాటికి ఇంత విలువ ఎట్లా వచ్చింది? కంపెనీ ఏం మార్చలేదు. గుండీలు తిప్పిన పిల్లలే ఆ విలువ తెచ్చారు.

మరి మన దేశంలో? ఇక్కడ రెండు కథలున్నాయి, పక్కపక్కన పెట్టి చూడాలి. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఒక మూగ్ సింథసైజర్ పెట్టారు. డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతకారుడు వచ్చి ఆ స్టూడియో ఏర్పాటు చేశాడు. మన దేశంలో ఎలక్ట్రానిక్ సంగీతానికి పెట్టిన తొలి స్టూడియో అది. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా లాంటి కొద్దిమంది అందులో పనిచేశారు. 1972 తర్వాత ఆ పని ఆగింది. టేపులు అలమరాలో ఉండిపోయాయి. పాల్ పుర్గాస్ అనే ఆయన వాటిని వెలికితీశాక 2023లో గానీ రికార్డుగా జనం వినలేదు. అంటే యాభై ఏళ్ళు. మంచి మిషన్ వచ్చింది, మంచి మనుషులు పనిచేశారు. కానీ ఆ గది దాటి అది బయటి పిల్లల చేతికి రాలేదు.

రెండో కథ చరణ్‌జిత్ సింగ్‌ది. బొంబాయి సినిమా పాటలకు వాయించే సెషన్ ఆర్టిస్టు ఆయన. జూపిటర్-8 అనే సింథసైజర్, 808, 303 మూడూ తెచ్చుకుని ఇంట్లో కలిపి సాధన చేశాడు. మన రాగాలను ఆ బేస్ మిషన్‌లోకి ఎక్కించి 1982లో 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అని ఆల్బం చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే ప్రపంచం నోరెళ్ళబెట్టింది. షికాగో పిల్లలకంటే ఐదేళ్ళ ముందే ఒక భారతీయుడు దాదాపు అదే శబ్దం చేశాడని రాసుకున్నారు. 2015లో ఆయన చనిపోయాడు. బతికుండగానే ఆ గుర్తింపు చూశాడు, అదొక్కటే సంతోషం.

అందరికీ తెలిసిన ఎ.ఆర్. రెహమాన్ సంగతీ చూడండి. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోతే, ఆయన వదిలిపోయిన వాయిద్యాలను అద్దెకిస్తూ ఆ కుటుంబం బతికింది. కుర్రాడు కీబోర్డు పట్టుకుని మన తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కూడా పనిచేశాడు. 1992లో 'రోజా' రాకముందే చెన్నైలో ఇంటి ఆవరణలోనే స్టూడియో పెట్టుకున్నాడు. ఇంట్లో పాట చేయడం అంటే ఆషామాషీ పని కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఇక మన ఊళ్ళకు వద్దాం.

ఇప్పుడు మన ఊళ్ళల్లో పెండ్లి అంటే ముందు డీజేకి అడ్వాన్సు ఇస్తారు, తర్వాతే డోలు వాళ్ళకు కబురు పోతది. కొన్నిచోట్ల ఆ కబురు కూడా పోదు. పిలిచినా, బాక్సులు ఆన్ చేశాక డోలు ఎవరికి వినపడతది? తాతలు డోలు పక్కన పెట్టి బీడీ కాల్చుకుంటూ కూర్చోవడం మేమందరం చూశాం. కోయ ఊర్లో, గోండు గూడెంలో, తండాలో, ఎక్కడైనా ఇదే. డీజే వద్దని తీర్మానం చేసిన ఊళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళ బాధ మాకు అర్థమైంది. కానీ మా వయసు పిల్లలు ఎగరాలనుకుంటారు, ఆ ముచ్చట కూడా నిజమే.

మమ్మల్ని ఇంకా బాధపెట్టేది వేరే ఉంది. ఆ డీజేలో మోగే 'మన' పాటలు వినండి. రేల పాటైనా, లంబాడీ పాటైనా, గోండి పాటైనా కింద అదే కిక్కు, అదే తీన్మార్ లూపు, అదే సైరన్. మాటలు మనవి, గొంతు మనది, తాళం మాత్రం ఎవరో ఎక్కడో చేసి అమ్మిన ప్యాకెట్. మా రూంలోని కీబోర్డులో తబలా ఉంది, ఢోలక్ ఉంది, సితార్ ఉంది, షెహనాయి ఉంది. ఒకరోజు అందరం కూర్చుని టోన్లు మొత్తం వెతికాం. కోయ డోలు లేదు. గుస్సాడీలో మోగే పెప్రె లేదు, కాలికోం లేదు. లంబాడోళ్ళ నంగారా లేదు. అరకు వైపు థింసాలో ఊదే మోరి లేదు. కంపెనీ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, ఎక్కడ ఎక్కువ అమ్ముడుపోతదో ఆ శబ్దమే వాళ్ళు పెడతారు. మనది మనం పెట్టుకోకపోతే ఎవరూ పెట్టరు.

"అయితే రికార్డు చేసి పెట్టుకుంటే సరిపోయే కదా, పాత సింథసైజర్ల గోల ఎందుకు?" అని అడగొచ్చు. రికార్డింగ్ కావాలి, దాని సంగతి కింద చెప్తాం. కానీ శబ్దం ఎట్లా పుడతదో తెలియకపోతే రికార్డింగును కూడా ప్రీసెట్ లాగే వాడతాం. పాత సింథసైజర్ మంచి పంతులు. దాని మీద ఒక్కో గుండీకి ఒక్కో పని ఉంటది, తిప్పితే ఏం మారిందో వెంటనే వినపడతది.

ముఖ్యంగా మూడు భాగాలు. మొదటిది ఆసిలేటర్. శబ్దం పుట్టేది అక్కడే, మోరికి పీక ఎట్లనో దీనికి అది అట్ల. రెండోది ఫిల్టర్. కుండ మూతి మీద చెయ్యి పెట్టి కొంచెం కొంచెం తీస్తే మోత మారుతది కదా, అదే పని. షికాగో పిల్లలు తిప్పిన కటాఫ్ ఈ ఫిల్టర్‌దే. మూడోది ఎన్వలప్. శబ్దం ఎంత తొందరగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎట్లా సద్దుమణగాలి అని చెప్పేది. పుల్ల దెబ్బ టక్కున లేచి టక్కున పడిపోతది, కొమ్ము మెల్లగా లేచి నిలుస్తది. ఆ తేడా అంతా ఎన్వలప్‌లో ఉంటది.

808లో కిక్ ఎట్లా పుడతదో తెలుసుకున్నప్పుడు మాకు మస్తు ఆశ్చర్యమేసింది. ఊయలను ఒక్కసారి తోసి వదిలేస్తే ఊగి ఊగి ఆగుతది చూడండి, సరిగ్గా అదే. ఒక చిన్న సర్క్యూట్‌ను కరెంటుతో ఒక్క దెబ్బ కొడతారు, అది కాసేపు ఊగి ఆగిపోతది. ఆ ఊగడమే మనం వినే 'ధుమ్'. మరి మన డోలు కూడా అంతే కదా! తోలును కొడితే అది ఊగి ఆగుతది. గట్టిగా కొడితే తోలు ఒక్క క్షణం బిగుసుకుని సుతి కాస్త పైకి లేచి వెంటనే కిందికి జారుతది. ఇది తెలిశాక మేము లాప్‌టాప్‌లో సింథసైజర్ పెట్టుకుని, సుతిని పైనుంచి కిందికి జార్చి, దానికి పుల్ల తగిలే 'టక్' కోసం కాస్త 'స్స్' మోత కలిపి, డోలుకు రెండు పక్కలా రెండు శబ్దాలు చేశాం. అచ్చం డోలు కాదు. కానీ ప్యాకెట్ లూపు కూడా కాదు. విన్నోళ్ళు "ఇది మన దెబ్బే" అన్నారు. రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో డోలు గురించి మేము తెలుసుకున్నంత, చిన్నప్పటి నుంచి పక్కనే కూర్చుని విన్నా తెలుసుకోలేదు.

తాళం సంగతి కూడా ఉంది. మిషన్‌లో తాళం అంటే పదహారు గళ్ళు. మన డోలు దెబ్బలు ఆ గళ్ళల్లో కుదురుగా కూర్చోవు, ఒకటి కాస్త ముందుకు పోతది, ఒకటి వెనక ఉండిపోతది. లూపు ప్యాకెట్ వాడితే మన ఆట ఆ గళ్ళకు తగ్గట్టు మారాల్సిందే. అడుగు మారుతది, వరస మారుతది, చివరికి ముసలోళ్ళు ఆడలేక పక్కకు జరుగుతారు. కానీ ఆ పాత 808లోనే పదహారు గళ్ళను పన్నెండు చేసుకోవచ్చు, మూడుల లెక్కలో నడిపించొచ్చు. ఆట ఎట్లుందో మిషన్‌ను అట్లా నడపొచ్చన్నమాట. నడపడం రావాలి, అంతే.

ఇందుకు పాత మిషన్లే కొనాలా? అస్సలు వద్దు. ఈ మాట గట్టిగా చెప్తున్నాం, ఎందుకంటే యూట్యూబులో ఒరిజినల్ సింథసైజర్ల గోడలు చూసి ఆశపడేవాళ్ళు ఉంటారు. అమ్మానాన్న మిర్చి ఏరి, తునికాకు కోసి పంపిన పైసలు వాటికి పెట్టకండి. పాత మిషన్ల పనితనం ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7ను అచ్చు దించిన డెక్స్‌డ్ ఉచితం. 80ల చివరి సినిమా పాటల్లో గాజు గంటల్లా వినపడే పియానో మోత ఉంటది చూడండి, ఆ రకం శబ్దం దాంట్లో వస్తది. సర్జ్ ఎక్స్‌టీ ఉచితం. వైర్లు గుచ్చే పెద్ద మాడ్యులర్ మిషన్ల లాంటి వీసీవీ ర్యాక్‌కు ఉచిత వెర్షన్ ఉంది. పాట అల్లుకోవడానికి ఎల్ఎంఎంఎస్, రికార్డింగుకు ఆడాసిటీ, రెండూ ఉచితమే. మామూలు లాప్‌టాప్ చాలు. ఎక్కడైనా చర్చిలోనో, పాత బ్యాండు వాళ్ళ దగ్గరో మూలన పడ్డ కీబోర్డు కనపడితే దాని వెనక మిడి అనే గుండ్రటి సాకెట్ ఉందేమో చూడండి. 1983లో పోటీ కంపెనీలన్నీ ఒప్పుకుని పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి అది. అందుకే నలభై ఏళ్ళ నాటి కీబోర్డు కూడా చిన్న కేబుల్ పెడితే ఇవాళ్టి లాప్‌టాప్‌తో మాట్లాడుతది.

ఇప్పుడు రికార్డింగ్ సంగతి. 1986లో కాసియో ఎస్‌కే-1 అని ఇంకో చిన్న కీబోర్డు తెచ్చింది. దానికి మైకు ఉండేది. ఒకటిన్నర సెకను కూడా పట్టదు, కానీ ఏ శబ్దమైనా అందులో పట్టి, మీటల మీద వాయించొచ్చు. పిల్లలు కుక్క అరుపుతో పాటలు వాయించుకున్నారు. ఇవాళ మన ఫోన్ దానికంటే ఎన్నో రెట్లు బాగా పడతది. మన తాత డోలు ఒక్క దెబ్బను, అమ్మమ్మ గొంతులో ఒక్క కూతను పట్టుకోవడం ఇప్పుడు నిమిషం పని.

తేలిక కాబట్టే భయం. పెద్దలు అడిగేది కూడా ఇదే. "మిషన్‌లోకి పోయినంక అది ఎవరిది?" అని ఒక తాత మమ్మల్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబుగా ఒక నిజం కథ ఉంది.

1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బ్యాండు 'ఆమెన్, బ్రదర్' అని ఒక పాట చేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ ఆరేడు సెకన్లు ఒంటరిగా వాయిస్తాడు. తర్వాత శాంప్లర్లు వచ్చాక ఆ ఆరు సెకన్లను కత్తిరించి వేల పాటల్లో వాడారు. కొన్ని రకాల సంగీతాలు మొత్తం దాని మీదే నిలబడ్డాయి. ఆ వాడకానికి బ్యాండుకు రాయల్టీ రాలేదు. కోల్‌మన్ 2006లో పేదరికంలో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలు పోగేసి బ్యాండు నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 24,000 పౌండ్లు ఇచ్చారు. డ్రమ్ము కొట్టినోడికి అది కూడా అందలేదు.

ఇప్పుడు మన వైపు చూడండి. కోయ డోలీల కథలు, ఇలవేల్పుల చరిత్రలు గుండెల్లో పెట్టుకుని డోలు మీద చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్ళిపోయారు. గుస్సాడీ నేర్పిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కూడా 2024లోనే వెళ్ళిపోయారు. ఒక్క ఏడాదిలో ఇద్దరు. అవార్డు రాని పెద్దలు ప్రతి ఊళ్ళో ఉన్నారు, వాళ్ళూ ఒక్కొక్కరు పోతున్నారు. వాళ్ళ చేతి దెబ్బ రేపు ఏదో ప్యాకెట్‌లో 'ట్రైబల్ డ్రమ్ 07' అనే పేరుతో మోగితే? ఊరు పేరు ఉండదు, మనిషి పేరు ఉండదు, ఏ పండగకు కొట్టే దెబ్బో ఉండదు. చావు దెబ్బను పెండ్లిలో వేసినా అడిగేవాడు ఉండడు.

చట్టం ఒకటి తెలుసుకోండి. తరతరాల పాటకు కాపీరైట్ దొరకకపోవచ్చు. కానీ పాడిన మనిషికి, వాయించిన మనిషికి పెర్ఫార్మర్ హక్కు ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ కింద యాభై ఏళ్ళు ఉంటది. వాళ్ళను అడగకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. ఇది బయటోళ్ళకే కాదు, మనకూ వర్తిస్తది. మనవడైనంత మాత్రాన తాతను అడగకుండా డోలు ఎత్తుకుపోయి యూట్యూబులో పెట్టకూడదు.

అందుకే మా రూంలో మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోండి, ఇంకా మంచివి ఉంటే చెప్పండి. రికార్డు చేసే ముందు వాయించే పెద్దలకు ఎందుకో, ఎక్కడ వాడతామో వాళ్ళ భాషలో చెప్పాలి. వేల్పు దగ్గర కొట్టే దెబ్బలు, పెర్సపేన్ పూజలో మోగేవి, చావు పాటలు డీజేకి ఎక్కించకూడదు. ఏవి ఎక్కించొచ్చో చెప్పేది పెద్దలే. దొరికిన రికార్డింగు ఒక కాపీ ఆ ఊళ్ళోనే, ఆ ఇంట్లోనే ఉండాలి. ఫైలు పేరులో వాయించిన మనిషి పేరు, ఊరి పేరు, దెబ్బ పేరు ఉండాలి. పాట మీద పైసలు వస్తే వాటా ఇవ్వాలి, ఎంతో ముందే మాట్లాడుకోవాలి. రికార్డింగు రోజు కూలి పోతది కాబట్టి ఆ రోజుకు ఎంతో కొంత ఇవ్వాలి. ఇవన్నీ ఫోన్‌లో రెండు నిమిషాల వీడియోలో మాట్లాడించి పెట్టుకుంటే చాలు, పెద్ద కాగితాలు అక్కర్లేదు.

"మిషన్ వస్తే డోలు చస్తది" అనే పెద్దలకు మా జవాబు ఇది. ఇప్పుడు డోలును చంపుతున్నది మిషన్ ఒక్కటే కాదు తాతా. డోలు అంటే పాతది, డీజే అంటే కొత్తది అని మా వయసోళ్ళ బుర్రలో పడిపోయింది, అది చంపుతోంది. డీజే బాక్సులోనే నీ దెబ్బ మోగితే, అది వాయించిందెవరని పిల్లలు అడుగుతారు. అడిగితే నీ దగ్గరికి వస్తారు. వచ్చినోళ్ళల్లో పదిమందిలో ఒక్కడైనా డోలు మెడకేసుకుంటాడు. ఖాయంగా జరుగుతదని మేము చెప్పలేం. ఏమీ చేయకపోతే మాత్రం ఏం జరుగుతదో పెండ్లిళ్ళల్లో చూస్తూనే ఉన్నాం.

"చదువుకోమని పంపితే ఈ పాటలేంది?" అనే అమ్మానాన్నలకు కూడా జవాబు చెప్పాలి. మేము చదువు మానట్లేదు. ఆదివారం సాయంత్రం, రాత్రి భోజనం తర్వాత గంట. ఫిజిక్సు పుస్తకంలో ఫ్రీక్వెన్సీ, రెజొనెన్స్ అని చదివినప్పుడు మాకు తలకెక్కలేదు, గుండీ తిప్పినప్పుడు ఎక్కింది. దీంట్లో అందరికీ బతుకుదెరువు దొరుకుతదని మేము అనట్లేదు, అట్లా ఆశపెట్టడం తప్పు. కానీ మొదటి తరం చదువుకునే పిల్లలంటే ఎవరో చేసిపెట్టినదాన్ని బట్టీ పట్టేవాళ్ళే అని అనుకుంటారు చూడండి, ఆ మాట మాకు నచ్చదు. మనం తయారు చేయగలం.

ఈ సెలవులకు ఊరికి పోతున్నవాళ్ళు ఒక్క పని చేయండి. మీ ఊళ్ళో డోలో, తుడుమో, నంగారానో, కిక్రీనో వాయించే ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చోండి. అడిగి, ఒప్పుకుంటే, ఒక్కో దెబ్బ విడివిడిగా, నిశ్శబ్దంగా ఉండే తెల్లవారుజామున ఫోన్‌లో పట్టండి. ఆ దెబ్బ పేరేంటో, ఎప్పుడు కొడతారో ఆయన గొంతులోనే చెప్పించండి. హాస్టల్‌కు వచ్చాక ఆడాసిటీలో కత్తిరించి, ఒక తాళం అల్లండి. అల్లినదాన్ని ముందు ఆ పెద్దాయనకే వినిపించండి. ఆయన బాగుందంటేనే ఇక్కడ పెట్టండి. బాలేదంటే ఎందుకు బాలేదో రాయండి, అందరం నేర్చుకుంటాం.

సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం రాకపోతే అడగండి, మాకు తెలిసినంత చెప్తాం. మాలో ఎవరికీ సంగీతం డిగ్రీ లేదు, చూసి, విని, గుండీ తిప్పి నేర్చుకున్నదే.

జోహార్.